తలనొప్పికి మెడను పరీక్షించడమెందుకు?

కిందటి సంవత్సరం మా తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి పాఠం మధ్యలో బల్లమీద తల వాల్చేసింది. "వెలుతురు భరించలేకపోతున్నానండీ, కిటికీ మూయించరూ?" అంది. సాకు అనుకుని కసురుకున్నాను. తప్పు నాదే. అది పార్శ్వపు నొప్పి. డాక్టర్లు దీన్నే మైగ్రేన్ అంటారు.

పిల్లలూ! ఈ నొప్పి తరచుగా తలకు ఒక పక్కనే వస్తుంది. గుండె కొట్టుకున్నట్లు లయగా పోటు పెడుతుంది. వికారం పుడుతుంది. వెలుతురూ చప్పుడూ సహించవు. మందు వేసుకోకపోతే 4 నుంచి 72 గంటలదాకా ఉండవచ్చు. చాలామందికి మెడ కూడా నొస్తుంది.

తలకూ మెడకూ ఏమిటి సంబంధం? మీరు కపాల నాడుల గురించి చదివారు కదా! వాటిలో ఐదవదైన ట్రైజెమినల్ నాడి ముఖం నుంచీ మెదడు పొరల నుంచీ నొప్పి వార్తలు తెస్తుంది. మెడ పైభాగపు వార్తలు తెచ్చేవి మొదటి మూడు మెడ నాడులు. ఇవన్నీ వెన్నుపాము పైకొసన ఒకేచోట కలుస్తాయి. రెండు ఊళ్ళ ఉత్తరాలు ఒకే పోస్టాఫీసుకు చేరినట్లన్నమాట! అందుచేత తలలోని బాధ మెడలో ఉన్నట్లు, మెడలోని బాధ తలలో ఉన్నట్లు తోస్తుంది.

కనుక, మెడ నొచ్చినంత మాత్రాన మెడలో దోషమున్నట్లు కాదు. కొందరిలో అది మైగ్రేన్‌లో ఒక భాగం మాత్రమే. మరికొందరిలో మెడ కీళ్ళూ కండరాలూ నిజంగానే బిగుసుకుని ఉంటాయి. ఫిజియోథెరపీ వల్ల మేలు కలుగుతుందని ఆశించదగింది ఈ రెండో రకం వారికే.

వారిని గుర్తించడమెలా? రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం రొమ్ముకు ఆనేటట్లు తల పైకి వంచి, ఇరుపక్కలకూ మెల్లగా తిప్పుతారు. అలా వంచినప్పుడు తల తిరగడం ముఖ్యంగా మొదటి రెండు వెన్నుపూసల మధ్యనే జరుగుతుంది. ఆరోగ్యవంతుల్లో ఒక్కో పక్కకు సుమారు 44 డిగ్రీలు తిరుగుతుంది. ఒక పక్క బాగా తగ్గితే ఆ కీలు బిగుసుకుందని అనుమానిస్తారు. మెడ పైభాగాన్ని నొక్కి, రోజూ బాధించే తలనొప్పే వస్తుందా అనీ చూస్తారు. ఒక్క పరీక్షతో తేల్చరు. అన్నీ కలిపి చూస్తారు. వ్యాయామాలు మొదలుపెట్టినా డాక్టరిచ్చిన మందు మానకూడదు.

ఇది మీరు స్నేహితులమీద చేయదగ్గ ప్రయోగం కాదు సుమా! హఠాత్తుగా భరించరాని తలనొప్పి వచ్చినా, జ్వరంతో మెడ బిగిసినా, కాలుచేతులు పట్టుతప్పినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఆ అమ్మాయి మెడ రెండు పక్కలకూ సమానంగానే తిరిగింది. ఆమెకు మెడ చికిత్స అవసరం లేదన్నారు. డాక్టరు చెప్పిన మందు, వేళకు తిండి, వేళకు నిద్ర — ఇవే ఆమెకు చికిత్స. ఇప్పుడు ఆమె అడగకముందే కిటికీ నేనే మూస్తున్నాను.