పూర్వ ప్రాథమిక విద్యలో కళ

పూర్వ ప్రాథమిక విద్యలో కళ అనగా మూడు నుండి ఆరు సంవత్సరాల పిల్లలకు బొమ్మలు గీయడం, మట్టితో ఆకారాలు చేయడం, పాట, అభినయం మొదలైన వాటి ద్వారా విద్య నేర్పే పద్ధతి. ఈ వయసులో కళ భాషకు, లెక్కకు, రాతకు పునాది వంటిది. తెలంగాణలోని వికారాబాదు, తాండూరు వంటి బహుభాషా ప్రాంతాలలో దీని ప్రాముఖ్యత మరింత ఎక్కువ.

చరిత్ర

జర్మనీకి చెందిన ఫ్రోబెల్ 1837లో ప్రారంభించిన శిశు విద్యాలయంలో ఆటవస్తువులకు, చేతిపనులకు ప్రధాన స్థానమిచ్చాడు. గిజుభాయి బధేకా 1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో బాలమందిరం స్థాపించి కథలు, పాటలు, నాటకాల ద్వారా బోధించాడు. భారత ప్రభుత్వం 1975 అక్టోబరు 2న ప్రారంభించిన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ద్వారా అంగన్‌వాడీ కేంద్రాలు ఏర్పడినవి. పూర్వ ప్రాథమిక విద్య ఈ కేంద్రాల సేవలలో ఒకటి.

రాతకు ముందు గీత

పిల్లలు మొదట పిచ్చి గీతలు గీస్తారు. సుమారు మూడేళ్ళకు గుండ్రని గీత, నాలుగేళ్ళకు కూడిక గుర్తు, ఐదేళ్ళకు త్రిభుజం గీయగలుగుతారు. తెలుగు అక్షరాలలో ఎక్కువ భాగం వంపులతో కూడినవి కనుక గుండ్రని గీత పట్టుబడిన చేతికి రాత సులభమవుతుంది. వేళ్ళు, మణికట్టు సిద్ధం కాకముందే అక్షరాలు దిద్దించినచో పిల్లలకు చేయి నొప్పి పుట్టి, చదువుపై విసుగు కలుగుతుంది.

అచ్చు బొమ్మలకు రంగులు వేయించడం కళాబోధనకు ప్రత్యామ్నాయం కాదు. అట్టి పుస్తకాల వలన పిల్లల సొంత ఊహ కుంటుపడుతుందని విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో ప్రచురించిన గ్రంథంలో విమర్శించాడు.

వికారాబాదు, తాండూరు ప్రాంతాలలో

ఈ రెండు పట్టణాలు 2016 అక్టోబరు 11న ఏర్పడిన వికారాబాదు జిల్లాలో ఉన్నవి. తాండూరు కర్ణాటక సరిహద్దుకు సమీపంలో కలదు. ఈ ప్రాంతంలో తెలుగుతో పాటు ఉర్దూ, కన్నడ, లంబాడీ భాషలు మాట్లాడేవారు ఉన్నారు. ఇంటి భాష వేరైన పిల్లలు బడిలో చేరిన కొత్తలో మాట్లాడలేకపోయినా బొమ్మ గీయగలరు. గీసిన ఎద్దును కన్నడ ఇంటి బిడ్డ 'ఎత్తు' అని, ఉర్దూ ఇంటి బిడ్డ 'బైల్' అని చూపినపుడు, దాని పక్కనే 'ఎద్దు' అనే తెలుగు మాట చేర్చడం ఉపాధ్యాయులకు సులభం. ఆ విధంగా ఇంటి మాట పోకుండానే బడి మాట వస్తుంది.

స్థానిక వనరులు

ఇందుకు ఖరీదైన సామగ్రి అవసరం లేదు. తాండూరు నాపరాళ్ళు పరచిన నేలపై సుద్దతో గీసి, తడిగుడ్డతో తుడిచివేయవచ్చు. తాండూరు పరిసరాల నల్లరేగడి మట్టి, అనంతగిరి కొండల ఎర్రమట్టి బొమ్మలకు రంగు భేదాన్నిస్తాయి. ముగ్గు చుక్కల వలన లెక్కింపు, బతుకమ్మ పేర్చడంలో తంగేడు, గునుగు పూల వరుసల వలన క్రమం, పరిమాణం అనే భావనలు తెలుస్తాయి. కందుల వంటి గింజలను పిల్లలు ముక్కులో, చెవిలో పెట్టుకొను ప్రమాదమున్నందున వాటిని పెద్దల పర్యవేక్షణలోనే వాడవలెను.

మూల్యాంకనం

పిల్లల బొమ్మలకు మార్కులు వేయరాదు. ప్రతి బొమ్మపై తేదీని, బిడ్డ దానిని గురించి చెప్పిన మాటను రాసి భద్రపరచినచో కొన్ని నెలలలో వచ్చిన ఎదుగుదలను తల్లిదండ్రులు కూడా చూడగలరు.