గట్టు మీద ఒంటరి బండి

గోదావరి డెల్టాలో దారిని గట్టు నుంచి విడదీసి చూడలేం. ధవళేశ్వరం దిగువన సముద్రం దాకా పరుచుకున్న పల్లపు నేలలో కాస్త ఎత్తుగా ఉండేది ఏటిగట్టో కాలువగట్టో. చాలా ఊళ్లకు రోడ్డు దాని మీదే పడింది. ఒక పక్క నీళ్లు, రెండో పక్క వరిచేనో చేపల చెరువో. ముసురు పట్టిన రోజున ఈ దారుల్లో మోటార్‌సైకిల్ మీద ఒంటరిగా వెళ్లేవాళ్లు మూడింటిని విడివిడిగా లెక్క చూసుకోవాలి: పైనుంచి పడే వాన, పక్కనుంచి కొట్టే గాలి, ఎగువనుంచి వచ్చే వరద. ఈ మూడూ ఒకేసారి రావు, ఒకే చోటునుంచీ రావు.

నాలుగు ముక్కల బ్యారేజీ

రాజమహేంద్రవరాన్ని ఆనుకుని ఉన్న ధవళేశ్వరం దగ్గర గోదావరి లంకల చుట్టూ చీలి పారుతుంది. అందుకే సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టించి 1852కల్లా పూర్తిచేయించిన ఆనకట్టను నాలుగు భాగాలుగా కట్టారు. రాయి ధవళేశ్వరం కొండనుంచే వచ్చింది. తరవాత దాని స్థానంలో లేచిన బ్యారేజీదీ అదే అమరిక: ధవళేశ్వరం వైపు 70 గేట్లు, ర్యాలి వైపు 43, మద్దూరు వైపు 23, విజ్జేశ్వరం వైపు 39, మొత్తం 175. గేట్ల మీదుగా సాగే రోడ్డు బొబ్బర్లంక దగ్గర కోనసీమను తాకి, అటునుంచి పశ్చిమ గట్టున విజ్జేశ్వరం చేరుతుంది.

బండి నడిపేవారికి ఈ నాలుగు ముక్కల్లో ఒక పాఠం ఉంది. లంకల మీద చెట్లు గాలిని కొంత ఆపుతాయి. చెట్లు అయిపోయి గేట్ల వరస మొదలవగానే ఏటి మీది గాలికి అడ్డు ఉండదు, అది ఒక్కసారిగా పక్కనుంచి తగులుతుంది. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగింతలవుతుంది. కాబట్టి మార్పు వచ్చే చోటుకు ముందే వేగం తగ్గించాలి. హ్యాండిల్‌ను బిగించి పట్టుకుంటే గాలి విసురు మనిషిలోంచి నేరుగా ముందు చక్రానికి పోతుంది. మోకాళ్లతో ట్యాంకును నొక్కిపట్టి, చేతులు కాస్త వదులుగా ఉంచి, గాలి వచ్చే వైపు బండిని కొద్దిగా వాల్చి నడపడమే పద్ధతి. వెనక పెట్టెలు, గాలికి ఉబ్బే రెయిన్‌కోటు తెరచాపలా పనిచేస్తాయి. సామాను కిందికి, దగ్గరికి కట్టుకోవాలి.

వాన వేరు, వరద వేరు

గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు, పరీవాహక ప్రాంతం 3 లక్షల చదరపు కిలోమీటర్లకు పైచిలుకు. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన నదికి ప్రాణహిత, ఇంద్రావతి, శబరి కలిశాక వచ్చే నీరంతా ధవళేశ్వరం దాటాల్సిందే. మహారాష్ట్రలో, ఛత్తీస్‌గఢ్‌లో, తెలంగాణలో కురిసిన వాన ఇక్కడికి రోజుల తరవాత వస్తుంది. అందుకే జూలై, ఆగస్టు నెలల్లో డెల్టా మీద ఎండ కాస్తుండగానే లంకల్లోకి నీళ్లెక్కుతాయి. ఆకాశం చూసి బయలుదేరినవాళ్లు మోసపోయేది ఇక్కడే. ఏటిలో ఎర్రనీరు దిగిందంటే ఎగువన వానలు పట్టాయన్నమాట.

దీనికి కొలత ఉంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం దగ్గర ఆ మూడు గీతలు 11.75, 13.75, 17.75 అడుగులు. ఈ దిగువ గేజి మొదటి గీతను తాకేసరికి సుమారు 10 లక్షల క్యూసెక్కుల నీరు సముద్రంలోకి పోతుంటుంది. భద్రాచలం దాటిన వరద ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. డెల్టాలో తిరగాలనుకున్నవారికి ఆ ఒక్క రోజే ముందస్తు సమాచారం. 1986 ఆగస్టులో ఇక్కడ సుమారు 35 లక్షల క్యూసెక్కులు పారాయి, గట్లకు గండ్లు పడ్డాయి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర మట్టం 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా దిగువకు వదిలారు.

తుపాన్లది వేరే కాలం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో పుట్టినవి ఈ తీరాన్ని వెతుక్కుంటూ వస్తాయి. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను కోనసీమను ఊడ్చేసింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు, కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. 2018 డిసెంబరు 17న పెథాయ్ కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం పరిసరాల్లో తీరాన్ని తాకింది. అప్పుడు కోస్తా జిల్లాల్లో రాత్రిపూట వాహనాల రాకపోకలను ప్రభుత్వం నిలిపేసింది.

వాతావరణ శాఖ మాటలకూ అంకెలున్నాయి. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు మించితే భారీ వర్షం, 115.6 చేరితే అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. పసుపు రంగు హెచ్చరికలో జాగ్రత్తగా నడపవచ్చు. నారింజ రంగులో పని ఉంటేనే కదలాలి. ఎరుపులో బండి తీయకూడదు.

డెల్టా చుట్టూ

బ్యారేజీ దిగువన గోదావరి తూర్పున గౌతమి, పడమట వశిష్ఠ పాయలుగా విడిపోతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ చీలుతుంది. గౌతమికీ వశిష్ఠకీ నడుమనున్నదే కోనసీమ. ఏ వైపునుంచి వెళ్లినా ఒక పాయ దాటాలి. ధవళేశ్వరంలో బయలుదేరి బొబ్బర్లంక, ఆత్రేయపురం, రావులపాలెం, కొత్తపేట, పి.గన్నవరం, రాజోలు మీదుగా అంతర్వేది చేరి, అమలాపురం, యానాం, ద్రాక్షారామం మీదుగా తిరిగొస్తే చుట్టు 200 కిలోమీటర్లు దాటుతుంది. ఎండాకాలంలో ఒక్క రోజు పని. ముసురులో రెండు రోజులు పెట్టుకోవడం మేలు.

ఈ చుట్టులో దారులు మూడు రకాలు. మొదటివి 16వ, 216వ నంబరు జాతీయ రహదారులు. జొన్నాడ-రావులపాలెం, యానాం-ఎదుర్లంక, బోడసకుర్రు, చించినాడ వంతెనలు ఎత్తైనవి, వరదలోనూ సాధారణంగా తెరిచే ఉంటాయి. రెండోవి కాలువగట్ల రోడ్లు. ఇరుకు, అంచుల్లో నల్లమట్టి, ఎదురుగా లారీ వస్తే పక్కకు దిగే చోటు తక్కువ. వానకు నానిన అంచు చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, చక్రం దిగాక తెలుస్తుంది. మూడోవి లంకలకు పోయే కాజ్‌వేలు. యలమంచిలి మండలంలో కనకాయలంక కాజ్‌వే లాంటివి వరద మొదలైన కొద్దిసేపటికే మునుగుతాయి. అంతర్వేది వైపు ఇంకో సంగతి ఉంది: అమావాస్యకో పౌర్ణమికో సముద్రం పోటు మీద ఉంటే నీరు తొందరగా దిగిపోదు.

వంతెన లేని చోట పంటు ఉంది. సఖినేటిపల్లి-నరసాపురం రేవులో వశిష్ఠనూ, కోటిపల్లి-ముక్తేశ్వరం రేవులో గౌతమినీ బండితో సహా పంటు మీద దాటడం ఇక్కడ మామూలే. తడిసిన రేవుబాట మీద ముందు బ్రేకు వాడితే చక్రం జారుతుంది. బండిని మొదటి గేరులో ఉంచి, క్లచ్‌తో అదుపు చేస్తూ నెమ్మదిగా దింపాలి. ఎక్కాక ఇంజిను ఆపి, గేరులోనే వదిలి, సైడ్‌స్టాండు వేసి, రేవు చేరేదాకా పక్కనే నిలబడి పట్టుకోవాలి. వరద హెచ్చరిక వస్తే పంట్లు ఆగిపోతాయి. అప్పుడు ఎదురు గట్టున కనిపిస్తున్న ఊరికి పదుల కిలోమీటర్లు చుట్టు తిరగాలి. ఒంటరి ప్రయాణంలో పెట్రోలు లెక్క ఈ చుట్టును కలుపుకునే వేసుకోవాలి.

తడి రోడ్డు మీద చక్రం

వాన మొదలైన మొదటి పది పదిహేను నిమిషాలు అన్నిటికన్నా జారుడు. రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము నీటితో కలిసి పైకి తేలతాయి. జోరువాన వాటిని కడిగేశాక పట్టు కొంత మెరుగవుతుంది. డెల్టాలో దీనికి తోడు చేపల లారీలనుంచి కారే నీళ్లు, రాలిన కొబ్బరిమట్టలు, ట్రాక్టరు చక్రాలు పొలంనుంచి మోసుకొచ్చిన బురద. తెల్లగీతలు, వంతెనల మీది ఇనుప అతుకులు తడిస్తే గాజులా ఉంటాయి. వాటిని బండి నిటారుగా ఉన్నప్పుడే దాటాలి.

సార్వా కోతల కాలంలో రోడ్డుకు సగం మేర ధాన్యం ఆరబోస్తారు. తుపాను కబురు రాగానే రాశులు చేసి, బరకాలు కప్పి, అంచుల్లో రాళ్లు పెడతారు. చీకట్లో, వానలో నల్లటి బరకం రోడ్డులో కలిసిపోతుంది. ఆ రాయి ఒక్కటి చాలు, బండి పడిపోవడానికి. నవంబరు, డిసెంబరు నెలల్లో చీకటి పడ్డాక లోపలి రోడ్లు వదిలేయాలన్నది ఇందుకే.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. పొడి రోడ్డు మీద ముందు వాహనానికి రెండు సెకన్ల ఎడం చాలనుకుంటే, తడిలో నాలుగు సెకన్లు కావాలి, అంటే 67 మీటర్లు. అంత ఎడం నిలుపుకోలేకపోతే వేగమే తగ్గించాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లకు ఏబీఎస్ తప్పనిసరైంది. అది చక్రం బిగుసుకుపోకుండా కాపాడుతుంది గానీ, అరిగిన టైరుకు పట్టు తెచ్చిపెట్టదు.

నీళ్లు తాగిన ఇంజిను

నిలిచిన నీటిలో లోతు తెలియకుండా దిగకూడదు. ముందు వెళ్లిన ఆటోనో, నడిచి వచ్చే మనిషినో చూసి అంచనా వేయాలి. నీరు చక్రం ఇరుసు దాటేలా ఉంటే వెనుదిరగడం మంచిది. పారే నీటిలో అంత లోతు కూడా అక్కర్లేదు, అరడుగు ప్రవాహమే కాళ్లను లాగేస్తుంది. దిగక తప్పనప్పుడు మొదటి గేరులో, ఒకే తీరున యాక్సిలరేటర్ ఇస్తూ ఆగకుండా దాటాలి. బయటికొచ్చాక తడిసిన బ్రేకులు వెంటనే పట్టవు. నెమ్మదిగా నడుపుతూ రెండు మూడుసార్లు తేలిగ్గా నొక్కితే ఆరతాయి.

బండి నీటిలో ఆగిపోతే సెల్ఫ్ కొట్టకూడదు. సిలిండర్‌లోకి చేరిన నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. బండిని గట్టెక్కించి, స్పార్క్ ప్లగ్గు ఊడదీసి, కిక్‌తో నీటిని బయటికి కొట్టించాలి. ఎయిర్‌ఫిల్టర్ తడిసిందేమో చూడాలి. చివరగా ఇంజిను ఆయిల్: పాలు కలిపిన టీ రంగులోకి మారిందంటే నీళ్లు కలిశాయి. ఆయిల్ మార్చేదాకా స్టార్టు చేయకూడదు. తడిసిన చైనును ఆ రాత్రే తుడిచి నూనె పెట్టాలి. ప్లగ్గు స్పానరు, పంక్చర్ కిట్టు, టార్చిలైటు, తాడు, పొడి గుడ్డ, మందులు, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఫోను ఉంటే చాలావరకు సరిపోతుంది.

ఒంటరితనం

2018లో జయభారతి నాయకత్వంలో నలుగురు మహిళలు హైదరాబాద్ నుంచి మోటార్‌సైకిళ్ల మీద ఆగ్నేయాసియా దేశాలు చుట్టివచ్చారు. ప్రయాణం సుమారు 17,000 కిలోమీటర్లు. అలాంటి బృందంలో ఒక బండి చెడితే మూడు బళ్లు ఆగుతాయి. బ్రిటిష్ జర్నలిస్టు టెడ్ సైమన్ 1973లో 500 సీసీ ట్రయంఫ్ మీద ఒక్కడే బయలుదేరి, నాలుగేళ్లలో నలభైకి పైగా దేశాలు తిరిగాడు. భారతదేశమూ ఆ దారిలో ఉంది. అలాంటి ప్రయాణంలో బండి చెడితే ఆదుకునేది దారిన పోయేవాళ్లే.

డెల్టాలో ఆ సాయం దగ్గర్లోనే ఉంటుంది. ఊరికీ ఊరికీ మధ్య ఎడం తక్కువ. పెట్రోలు బంకు, బస్టాపు, ఏ ఇంటి అరుగైనా తలదాచుకోవడానికి పనికొస్తాయి. పిడుగులు పడుతుంటే కొబ్బరిచెట్టు, తాడిచెట్టు కింద మాత్రం నిలబడకూడదు. బండి దిగి పక్కా కప్పు కిందికి చేరాలి. తెగిన కరెంటు తీగ నీళ్లలో ఉంటే ఆ నీళ్లకు దూరంగా ఆగి 1912కు చెప్పాలి. ప్రమాదమైతే 108, ఆపదలో 112, విపత్తు సమాచారానికి 1070. ఏ దారిన వెళుతున్నదీ, ఎన్ని గంటలకు ఎక్కడినుంచి ఫోను చేసేదీ ఇంట్లో రాసి పెట్టి వెళ్లాలి. ఆ వేళకు ఫోను రాకపోతే వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్లకు తెలుస్తుంది.

అలసట కూడా ఒంటరి ప్రయాణంలోనే ఎక్కువగా దెబ్బతీస్తుంది. తడిసిన బట్టలు, హెల్మెట్ అద్దం మీది ఆవిరి, చెవిలో గాలి హోరు మనిషిని నెమ్మదిగా మొద్దుబారుస్తాయి. ఇక చాలు అని చెప్పే రెండో మనిషి పక్కన ఉండడు. అందుకే గంటకొకసారి దిగాలి, మధ్యాహ్నం మూడు గంటలకల్లా రాత్రి బస ఏ ఊళ్లోనో తేల్చుకోవాలి.

వరద విషయంలో బయలుదేరే ఉదయం చూడాల్సినవి రెండే: భద్రాచలం అడుగులు, ధవళేశ్వరం అడుగులు. రెండోది 11.75 దాటితే లంకల వైపు వెళ్లకూడదు. 13.75 దాటితే గట్ల దారులు వదిలి జాతీయ రహదారికే పరిమితం కావాలి. 17.75 దాటిన రోజు బండి ఇంటి దగ్గరే ఉండాలి.