నీరు కట్టు విద్య

చెఱువు క్రింది పొలములకు నీరు వదలుట యెవరికి బడిన వారికి అప్పగింపదగిన పని కాదని మన పూర్వులు బాగుగ నెఱిగియుండిరి. రాయలసీమలో నీరుగంటి యనియు, తెలంగాణమున నీరటి యనియు, మఱికొన్నిచోట్ల నీరుకట్టు అనియు పిలువబడిన ఆ గ్రామోద్యోగి, తూము ఎంత యెత్తవలెనో, ఏ మడికి ముందు పాఱవలెనో, చెఱువున నీరు చాలని యేట ఏ పొలమును బీడు పెట్టక తప్పదో నిర్ణయించుచు, పంట చేతికి వచ్చిన పిదప కళ్లమువద్ద ప్రతి రైతునుండియు తనకు రావలసిన మేరను కొలిపించుకొని పోవుచుండెడివాడు. అతని నేర్పు తండ్రినుండి కుమారునకు సంక్రమించినదే గాని బడిలో చదివినది కాదు. బోరుబావులు వచ్చిన పిమ్మట నీరు ఊరుమ్మడి సొత్తు గాక యెవరి చేనిలో వారిదై, మోటారు మీట నొక్కుటయే నీరు కట్టుట యైనది. దానితో ఆ యుద్యోగియు, ఆ నేర్పును ఇంచుమించు కలిసియే కనుమఱుగైనవి.

నేడు ప్రభుత్వములును, వ్యవసాయ విశ్వవిద్యాలయములును, కృషి విజ్ఞాన కేంద్రములును శిక్షణ యను పేరిట పునరుద్ధరింపజూచుచున్నది, తరచి చూచినచో, ఆ విద్యనే. హైదరాబాదు చెంత హిమాయత్‌సాగరు సమీపమున 1983లో స్థాపింపబడి 'వాలంతరి' యను పొట్టిపేరుతో ప్రసిద్ధమైన నీరు–నేల యాజమాన్య శిక్షణ పరిశోధన సంస్థ కాలువల ఇంజనీర్లకును, 1997 నాటి చట్టము ననుసరించి నీటి వినియోగదారుల సంఘము లేర్పడిన పిదప రైతు ప్రతినిధులకును పాఠములు చెప్పుచు వచ్చినది. 2003లో ఆంధ్రప్రదేశ్ సూక్ష్మసేద్య పథకము మొదలై, రాయితీమీద డ్రిప్పు గొట్టములును, స్ప్రింక్లర్లును మెట్టప్రాంతపు పల్లెలకు చేరినవి. సూక్ష్మసేద్య టెక్నీషియనులను తరిఫీదు చేసి పరీక్షించి ధ్రువపత్రము లిచ్చు ఏర్పాటును తరువాత వచ్చినది. గొట్టములు చేరినంత వడిగ విద్య చేరలేదని మాత్రము నా యభిప్రాయము.

డ్రిప్పు వేసికొన్న చేనిలో నీరు తనంతట తానే ఆదా యగునను నమ్మకము పల్లెలలోను, కచ్చేరీలలోను గట్టిగ పాతుకొనియున్నది. 1965లో ఇజ్రాయెలునందలి కిబ్బుత్సు యను నొక ఉమ్మడి సేద్యపు గ్రామమున సింఖా బ్లాస్ అను ఇంజనీరు రూపకల్పనముపై డ్రిప్పర్ల తయారీ వ్యాపారముగ మొదలైన నాటనుండి నేటిదాక ఆ పరికరము చేయు పని యొక్కటే: తగిన ఒత్తిడితో నీరందినంతసేపు గంటకు రెండు లీటర్లో నాలుగు లీటర్లో చొప్పున మొక్క మొదట జార్చుట. ఎంతసేపు జార్చవలెనో దానికి తెలియదు. కరెంటు ఏ జామున వచ్చునో యెఱుగక మోటారునకు ఆటో స్టార్టరు తగిలించి నిద్రించు రైతు చేనిలో, కరెంటున్నంతసేపును అది జార్చుచునే యుండును. వేళ్ల కందక అడుగునకు దిగిపోయిన నీటితోపాటు యూరియాయును దిగిపోవును. కాలువ పాఱించినప్పుడు వృథా యైనది గట్టు తెగి కంటబడెడిది. ఇచ్చట నది నేలలోపల జరుగుటచే నెవ్వరును గుర్తింపరు. నేలంతయు తడిసి నల్లబడినగాని నీరు పెట్టినట్లు తోచని పాతకాపు, సాళ్ల నడుమ పొడినేలను చూచి బెంగపడి మఱియొక గంట మోటారు నాడించుట గూడ సాధారణమే. మీట ఎప్పుడు నొక్కవలెనో యందఱికిని తెలియును. ఎప్పుడు కట్టివేయవలెనో నేర్పుటకే శిక్షణ.

మంచి శిక్షకుడు బొమ్మల తెరతోగాక పీపాతో పాఠము మొదలు పెట్టును. "నా బోరున రెండించుల నీళ్లున్నవి" అని రైతు చెప్పగనే 200 లీటర్ల పీపాను గొట్టము క్రింద నుంచి, గడియారము చూచుచు, అది నిండుటకెంత కాలము పట్టెనో లెక్కించుమనును. 80 సెకండ్లలో నిండినచో ఆ బోరు గంటకు 9,000 లీటర్లు పోయునన్నమాట. అటుపిమ్మట చేనిలెక్క: నాలుగడుగులకొక లేటరల్ గొట్టము, రెండడుగులకొక డ్రిప్పరు చొప్పున పఱచినచో ఎకరమునకు సుమారు 5,400 డ్రిప్పర్లు పట్టును, గంటకు రెండు లీటర్ల చొప్పున అవి త్రాగు నీరు 10,900 లీటర్లు. బోరు పోయునది తొమ్మిదివేలు, చేను కోరునది దాదాపు పదకొండువేలు. ఎకరమంతయు నొక్కసారి తడుపజూచిన రైతు చేనిలో ఒత్తిడి పడిపోయి, మొదటి సాళ్లు త్రాగగా కడపటి సాళ్లు ఎండినచో ఆ తప్పు కంపెనీదియు గాదు, దైవముదియు గాదు. చేనిని రెండు భాగములుగ చేసి వాల్వులు మార్చుకొనినచో ఆ బోరుతోనే ఎకరమునకును సమముగ నందును. పీపాయు, గడియారమును, కూడిక–గుణకారములును దక్క మఱేమియు కావలసిరాని ఈ లెక్క, బిగింపునకు పూర్వము చేయని చేలు ఇప్పటికిని లేకపోలేదు.

రెండవది గిన్నెల పరీక్ష. చేని మొదట, నడుమ, చివర కలిపి పదునాఱు డ్రిప్పర్ల క్రింద చిన్న గిన్నెలుంచి సరిగ నాఱు నిమిషములు నీరు పట్టుదురు. ఆఱు నిమిషము లేల యనగా, అది గంటలో పదియవ పాలు. గిన్నెలోని నీటిని పదింతలు చేసిన గంటకెంతయో తేలిపోవును. నాలుగు లీటర్ల డ్రిప్పరు ఆ వ్యవధిలో 400 మిల్లీలీటర్లు పోయవలెను. ఒకదానిలో 390, మఱియొకదానిలో 410 వచ్చిన దిగులులేదు. ఒకదానిలో 150 మాత్రమే వచ్చినచో, వంగి ఆ డ్రిప్పరును చేతబట్టి చూడవలెను. దాని మూతిచుట్టు తెల్లని పెచ్చు కట్టియుండుట పెక్కుచోట్ల కానవచ్చును, అది సున్నపుటుప్పు. మన మెట్టప్రాంతముల బోరునీరు పలుచోట్ల కఠినజల మగుటచే నీ బెడద తప్పదు. అన్నిటికంటె తక్కువ పోసిన నాలుగు గిన్నెల సగటును మొత్తపు సగటుతో భాగించి నూటితో హెచ్చించినప్పుడు 90 దాటినచో చేను చక్కగ నున్నట్లు. 70 క్రిందికి దిగినచో, తక్కువ త్రాగు మొక్కను బ్రతికించుటకై తక్కినవాని కన్నిటికిని మితిమీరి పోయుచున్నామన్నమాట.

ఆ పెచ్చును కరగించుటకు హైడ్రోక్లోరికామ్లమును గొట్టములలోనికి పంపు పద్ధతిని శిక్షణలో ప్రత్యేకముగ చేయించి చూపుదురు. ఆమ్లమును నీటిలో పోయవలెనే గాని నీటిని ఆమ్లములో పోయరాదని, చేతులకు రబ్బరు తొడుగులు, కన్నులకు అద్దములు లేక సీసా మూత తీయరాదని పదేపదే చెప్పవలసియుండును. ఫిల్టరునకు ముందు వెనుకల నుండు రెండు ఒత్తిడి గడియారములను చూచు అలవాటు గూడ నీ వరుసలోనిదే: ఆ రెండింటి ముళ్లకును ఎడము పెరిగినదన్న, లోపల చెత్త పేరుకొన్నదని యర్థము. ఆ రెండు ముళ్లును చూచుటకు ఉదయమున అరనిమిషము చాలును.

ఎంత నీరు పెట్టవలెనను ప్రశ్నకు సమాధానము వాతావరణ కేంద్రములలోని యొక పళ్లెమునందున్నది. నాలుగడుగుల వ్యాసమును, పదంగుళముల లోతును గల ఆ లోహపు పళ్లెమునుండి దినమునకెంత నీరు ఆవిరి యగునో కొలుతురు. అనంతపురము వైపు చీనీతోటకు లెక్క వేయుదము: వేసవిలో నొకనాడు పళ్లెమున నీరు 8 మిల్లీమీటర్లు తగ్గినదనుకొందము. దానిని పళ్లెపు గుణకమగు 0.7 చేతను, చెట్టు గుణకమగు 0.65 చేతను హెచ్చించిన 3.6 మిల్లీమీటర్లు తేలును. చదరపు మీటరుపై మిల్లీమీటరు నీరనగా నొక లీటరు. చెట్టు 18 చదరపు మీటర్ల నేలను కప్పినచో కావలసినది 65 లీటర్లు. గంటకు 8 లీటర్ల డ్రిప్పర్లు నాలుగున్నచో, రెండు గంటలు. లెక్క యిట్లుండగా నేల మాట వేఱు: ఎఱ్ఱనేలలో నీరు నిలువుగ దిగజాఱును, నల్లరేగడిలో ప్రక్కలకు ప్రాకును. అందుచే తేలిక నేలలో తక్కువ తక్కువగ పలుమాఱులు పెట్టవలెను. పిడికెడు మన్ను తీసి నొక్కి పదును చూచు మన తాతల పద్ధతిని శిక్షకులు నేడును నేర్పుచున్నారు. గుణకములు తప్పినను వ్రేళ్లు తప్పవు.

వరి రైతునకు పాఠము చిన్నది. రంధ్రములు పొడిచిన గొట్టపు ముక్క నొకదానిని మడిలో పాతి, లోపలి నీటిమట్టము నేలకు 15 సెంటీమీటర్ల దిగువకు పోయినప్పుడే తిరిగి నీరు పెట్టుట, పూతదశలో మాత్రము ఎండనీయక నిలువనుంచుట, అంతియే. ఇది ఫిలిప్పీన్సునందలి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారము చేసిన పద్ధతి.

ఇంతవరకు చెప్పినదంతయు ఒంటరి రైతు నేర్వగల విద్య. చిక్కంతయు దాని తరువాతనే యున్నది. డ్రిప్పుతో నీరు మిగిలించిన రైతు ఆ నీటిని భూమిలో నుంచడు. మఱియొక ఎకరమున టమాటా నాటును. ఇది దురాశ యనుట న్యాయము కాదు, అప్పులున్నవాడు మిగిలినదానిని వాడుకొనక మానునా? కాని భూగర్భమునుండి తీయు నీరు మాత్రము తగ్గదు. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు అనంతపురము మొదలుకొని 7 కఱవు జిల్లాలలో, ఈ శతాబ్ది ప్రథమ దశకమున, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో నడచిన 'రైతుల యాజమాన్యమున భూగర్భజల వ్యవస్థలు' అను పథకము ఈ చిక్కును తెలిసికొని పని చేసినది. రైతులు తామే వర్షమాపకము చదివిరి, పరిశీలన బావులలో త్రాడు వదలి మట్టము కొలిచిరి, జూను నుండి మే వఱకు సాగు జలసంవత్సరమంతయు నీటిబడిలో కూర్చుండిరి. వానకాలము ముగిసి రబీ విత్తులు పడకమునుపు, ఊరి నేలలో నీరెంత చేరినది, ఖరీఫు ఎంత త్రాగినది, తలపెట్టిన పంటలకు మిగిలినది చాలునా చాలదా యని అందఱి యెదుట లెక్క వేసి, ఆ అంకెలను ఊరిలో బోర్డుపై వ్రాసిరి. ఫలానా పంట వేయవలదని యెవ్వరును ఎవరిని శాసింపలేదు. లోటు ఎంతయో కనబడిన పిదప పలుచోట్ల వరి తగ్గి, ఆఱుతడి పంటలు పెరిగినవి.

మన శిక్షణలలో పెక్కింటికి ఈ రెండవ భాగ మింకను అబ్బలేదు. ఒక పూట ఉపన్యాసము, భోజనము, ఛాయాచిత్రము, ధ్రువపత్రము, అంతటితో సరి. నాకే అధికారమున్నచో పరీక్షను మే మాసమున చేనిలో పెట్టించెదను. కడపటి సాలులో నీరు రానట్లు ముందుగనే చేసి, కారణము కనిపెట్టుమని అభ్యర్థిని వదలెదను: ఉడుత కొఱికిన గొట్టమా, నిండిన ఫిల్టరా, సగము మూసిన వాల్వా, లేక పోయునట్టి బోరే తగ్గినదా? మొదటి మూడింటిలో దేనిని పట్టుకొన్నను టెక్నీషియనుగ నుత్తీర్ణుడు. అవి యన్నియు సరిగనున్నవని తేల్చుకొని, పీపా తెప్పించి బోరును కొలిచినవానిని, ఊరి పంటనీటి లెక్కకు గూడ పిలువవలెను.