తాడెక్కేవాని విద్య

తాటిచెట్టు క్రింద పాలు త్రాగినా కల్లే అంటారని తెలుగునాట సామెత. చెట్టుకు వచ్చిన ఆ నింద, దానిని ఎక్కేవానికి కూడ అంటినది. బందరు, గుడివాడ ప్రాంతాల పొలంగట్లపైనను, పులిగడ్డ వద్ద చీలిన కృష్ణ పాయల నడుమనున్న దివిసీమలోను తాళ్లను చూడనివారు లేరు. వాటి తలకెక్కి కల్లు గీసే మనిషి విద్యను గమనించినవారే అరుదు.

సముద్రాల ఆవల ఇట్టి విద్యకు ఎంతో గౌరవం కలదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో జిన్‌ఫాండెల్ అనే నల్లద్రాక్షతో గాఢమైన ఎర్ర ద్రాక్షాసవం తీస్తారు. ఆ తీగ క్రొయేషియా తీరానిదేనని 2001లో జన్యుపరీక్షలు తేల్చినవి. రిడ్జ్ అనే ద్రాక్షాసవ సంస్థలో పాల్ డ్రేపర్ 1969లో చేరి, 2016లో విరమించేవరకు ఆ ఆసవంతో ప్రపంచఖ్యాతి గడించినారు. బయటినుంచి ఈస్టు తెచ్చి కలుపక, ద్రాక్షతో సహజంగా వచ్చిన దానితోనే రసాన్ని పులియనివ్వడం ఆయన పద్ధతి.

మన గీతకార్మికుడు ఏ కళాశాలలోను చదువకుండానే తరతరాలుగా చేస్తున్నది అదే కదా! మోకు, ముస్తాదు బిగించి చెట్టెక్కి, గెల కొనను పలుచగా చెక్కి, లొట్టి కట్టి దిగుతాడు. ప్రతిదినం మరల కోత పడవలె. కోత లోతైతే గెల త్వరగా తరిగిపోతుంది. మానితే రసం ఆగిపోతుంది. కారే రసం తియ్యనిది. లొట్టి లోపల సున్నం పూస్తే అది పులియక నీరాగా నిలుస్తుంది. కాచితే తాటిబెల్లం అవుతుంది. సున్నం లేనిచో సూక్ష్మజీవులు అందలి చక్కెరను ఆల్కహాలుగా మారుస్తాయి. జిన్‌ఫాండెల్ ఆసవంలో ఆల్కహాలు తరచు నూటికి 14 పాళ్లు దాటుతుంది. కల్లులో సాధారణంగా 4 నుండి 6 పాళ్లు. ఆసవం సీసాలో ఏండ్ల తరబడి నిలుస్తుంది. కల్లు మరునాటికే పుల్లబడుతుంది. సీసాపై తోట పేరు, పంట సంవత్సరం అచ్చువేస్తారు. లొట్టిపై ఏ పేరూ ఉండదు.

పేరు లేకున్నను ఈ వృత్తి ఒకనాడు ప్రభుత్వాన్నే కదిలించినది. 1953లో ఏర్పడిన ఆంధ్రరాష్ట్రంలో మద్యనిషేధం వలన జీవిక పోయిన గీతకార్మికుల పక్షాన గౌతు లచ్చన్న సత్యాగ్రహం నడిపినారు. 1954 నవంబరులో ఈ సమస్యపైనే ప్రకాశం మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో కూలిపోయినది.

త్రాగుడు సంసారాలను కూల్చుతుందన్నది కాదనరాని సత్యం. దానిని పిల్లలకు బోధించే ఉపాధ్యాయుడు మరొక సత్యాన్నికూడ చెప్పవలె. చెట్టుపై కాలు జారిననాడు కూలేది గీతకార్మికుని సంసారమే. లొట్టిలోని దోషాన్ని ఖండించవచ్చును. లొట్టి కట్టిన చేతిని హీనపరచరాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమలో వేలమంది మరణించగా, చెట్లను కరచుకొని ప్రాణం దక్కించుకొన్నవారు కలరు. ఆ సీమలో చెట్టు విలువ వేరొకరు చెప్పనక్కరలేదు.

కల్లును పూర్తిగా విడిచిననాడు కూడ తాడు మనకు కావలసినదే. వేసవిలో ముంజెలకైనా, నీరాకైనా, బెల్లానికైనా ఎవరో ఒకరు ప్రాణం మోకుకు అప్పగించి ఆ చెట్టు ఎక్కవలసినదే.