వార్ధక్య నిరోధక చర్మలేపనాలు

వార్ధక్య నిరోధక చర్మలేపనాలు అనగా ముఖంపై ముడతలను, మచ్చలను, చర్మపు సడలింపును తగ్గిస్తాయని చెప్పి అమ్మే పైపూత పదార్థాలు. వాడుకలో వీటిని యాంటీ ఏజింగ్ క్రీములు అంటారు. వీటి డబ్బాలపై కొల్లాజెన్, పెప్టైడు, మూలకణం, జన్యువు వంటి మాటలు తరచు కనిపిస్తాయి. ఈ మాటలన్నీ విజ్ఞానశాస్త్రానికి చెందినవే. అయితే ఆ మాటల వెనుక ఉండవలసిన ప్రయోగ ఫలితాలు మాత్రం కొద్ది పదార్థాలకే ఉన్నాయి.

చర్మం ముడతలు పడుటకు కారణాలు

చర్మంలో పైన బాహ్యచర్మం, దాని క్రింద అంతశ్చర్మం ఉంటాయి. బాహ్యచర్మపు పైపొర మృతకణాలతో ఏర్పడినది. బయటి పదార్థాలను లోనికి రానీయకుండుటే దీని ముఖ్యమైన పని. అంతశ్చర్మంలోని కొల్లాజెన్, ఎలాస్టిన్ పోగులు చర్మానికి బిగువును, సాగే గుణాన్ని ఇస్తాయి. వయసుతో పాటు ఈ పోగులు తగ్గుతాయి. ఇది సహజ వార్ధక్యం. దీనికి తోడు ఎండలోని అతినీలలోహిత కిరణాలు, పొగతాగుట ఈ పోగులను మరింత త్వరగా దెబ్బతీస్తాయి.

ఎండ చేసే పనిని చూచుటకు ప్రయోగశాల అవసరం లేదు. మేడ్చల్ మండలంలోని రావల్కోల్ వంటి పల్లెలలో ఏళ్ళ తరబడి పొలం పనిచేసిన వారి మెడను, ముంజేతులను గమనించి, బట్ట క్రింద ఉన్న భుజపు చర్మంతో పోల్చి చూస్తే చాలు. రెండింటి వయసూ ఒక్కటే, కాని రెండూ ఒక్కలా ఉండవు. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పత్రికలో 69 ఏళ్ళ అమెరికా ట్రక్కు డ్రైవరు చిత్రం ఒకటి ప్రచురితమైనది. 28 ఏళ్ళు వాహనం నడిపిన ఆయన ముఖంలో కిటికీ వైపున్న ఎడమ భాగం మాత్రమే లోతైన ముడతలు పడి ఉంది. అతినీలలోహిత-ఎ కిరణాలు కిటికీ అద్దం గుండా కూడా ప్రసరిస్తాయి. మేడ్చల్ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారిపై లారీ నడిపేవారికైతే కుడి చెంప కిటికీ వైపు ఉంటుంది.

భారతీయుల చర్మంలో మెలనిన్ ఎక్కువ. కనుక ముడతలు తెల్లజాతీయుల కంటే ఆలస్యంగా వస్తాయి. వయసు ముందుగా మచ్చల రూపంలో, రంగు తేడాల రూపంలో బయటపడుతుంది. మన దేశంలో ముడతల క్రీములు, రంగు తెచ్చే క్రీములు ఒకే ప్రకటనలో కలిసిపోవుటకు ఇదొక కారణం.

పైపూతగా రాసిన పదార్థం లోనికి పోవునా?

500 డాల్టన్ల కంటే ఎక్కువ అణుభారం గల పదార్థాలు ఆరోగ్యకరమైన చర్మం గుండా లోనికి పోవుట కష్టమని చర్మశాస్త్రవేత్తలు స్థూలంగా ఒక సూత్రం చెబుతారు. కొల్లాజెన్ అణుభారం సుమారు 3,00,000 డాల్టన్లు. అందుచేత కొల్లాజెన్ క్రీము రాసుకుంటే అది అంతశ్చర్మంలోని కొల్లాజెన్‌తో కలిసిపోతుందని అనుకొనుట పొరపాటు. అది పైననే ఉండి తేమను పట్టి ఉంచుతుంది. తేమ చేరిన పైపొర కొద్దిగా ఉబ్బి, సన్నని గీతలు కొన్ని గంటల పాటు కనిపించవు. ఈ పని గ్లిసరిన్, వాజిలిన్ కూడా చేయగలవు. రాసిన వెంటనే తేడా కనిపించిందని చెప్పేవారు అబద్ధం చెప్పుట లేదు, కాని వారు చూచినది తేమ ప్రభావమే.

నిరూపణకు నిలిచినవి

విటమిన్-ఎ కుటుంబానికి చెందిన ట్రెటినాయిన్‌కు గట్టి ఆధారాలు ఉన్నాయి. మొటిమల చికిత్సలో వాడే ఈ మందు ఎండకు ముదిరిన చర్మాన్ని కూడా మెరుగుపరుస్తుందని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆల్బర్ట్ క్లిగ్మన్ బృందం 1986లో ప్రకటించింది. 1988లో మిషిగన్ విశ్వవిద్యాలయం వారు 30 మందిపై 16 వారాలు పరీక్ష జరిపారు. ప్రతివారికీ ఒక ముంజేతికి మందు క్రీమును, రెండవ దానికి మందు లేని క్రీమును పూశారు. మందు పూసిన చేతి చర్మం స్పష్టంగా మెరుగుపడింది. చాలామందికి చర్మం ఎర్రబడి, పొట్టు లేచింది కూడా. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1995లో సన్నని ముడతలకు దీనిని అనుమతించింది. ఇది ఔషధం, సౌందర్య సాధనం కాదు. వైద్యుని సలహాపైనే వాడవలెను. గర్భిణులు వాడరాదు. దుకాణాలలో దొరికే క్రీములలోని రెటినాల్ దీనికి దగ్గరి బంధువే, కాని చర్మంలో రెటినాయిక్ ఆమ్లంగా మారిన తరువాతనే పనిచేస్తుంది కనుక దాని శక్తి తక్కువ.

రెండవది సన్‌స్క్రీన్. ఆస్ట్రేలియాలోని నాంబౌర్ పట్టణంలో 55 ఏళ్ళ లోపు వారు 903 మందిని నాలుగున్నర ఏళ్ళు పరిశీలించిన ఫలితాలు 2013లో వెలువడ్డాయి. ప్రతిదినం రాసుకున్న వారిలో, తమ ఇష్టం వచ్చినప్పుడు రాసుకున్న వారి కంటే చర్మ వార్ధక్యం 24 శాతం తక్కువగా కనిపించింది. అదే పరీక్షలో మాత్రలుగా ఇచ్చిన బీటా కెరోటిన్ వలన ప్రయోజనం కనిపించలేదు.

విటమిన్-సి, పెప్టైడులపై పరీక్షలు ఉన్నప్పటికీ అవి ఎక్కువగా చిన్నవి. పైగా విటమిన్-సి గాలి, వెలుతురు తగిలితే త్వరగా చెడిపోతుంది.

ప్రకటనలలోని అంకెలు

"పదిమందిలో తొమ్మిదిమందికి చర్మం మెరుగైనట్లు అనిపించింది" అన్న వాక్యంలో ముఖ్యమైన పదం "అనిపించింది". అది కొలత కాదు, అభిప్రాయం. మందు లేని క్రీముతో పోల్చకుండా ఇచ్చిన అంకెకు విలువ తక్కువ. బ్రిటన్‌లో బూట్స్ సంస్థ క్రీముపై 60 మందితో జరిగిన పరీక్ష 2009లో ప్రచురితమైనది. ఆరు నెలలలో క్రీము వాడిన వారిలో 43 శాతం మందికి, మందు లేని క్రీము వాడిన వారిలో 22 శాతం మందికి ముడతలు తగ్గినట్లు తేలింది. 43 అంకెను మాత్రమే చదివితే గొప్పగా ఉంటుంది. కాని ఇంత చిన్న పరీక్షలో ఆ రెండింటి మధ్య తేడా యాదృచ్ఛికం కూడా కావచ్చునని గణాంక శాస్త్రజ్ఞులు విమర్శించారు. అయినను ఒక సంస్థ తన క్రీమును ఈ విధంగా పరీక్షకు పెట్టుట అరుదైన విషయమే.

జన్యువుల క్రియాశీలతను పెంచుతుందన్న మాటలకు గాను లాంకోమ్ సంస్థకు అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2012లో హెచ్చరిక లేఖ పంపింది. దాని మాతృసంస్థ లోరియల్ అమెరికా శాఖ, ఇటువంటి ప్రకటనల విషయంలో 2014లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో ఒప్పందానికి వచ్చింది.

చట్టం

భారతదేశంలో 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం ప్రకారం శుభ్రపరచుటకు, అందం పెంచుటకు, రూపాన్ని మార్చుటకు శరీరంపై పూసేది సౌందర్య సాధనం. ఔషధం వలె ఇది రోగులపై దశలవారీ పరీక్షలలో తన గుణాన్ని నిరూపించుకొనవలసిన పని లేదు. శామీర్‌పేట ప్రాంతంలోని జీనోమ్ వ్యాలీతో పోల్చి చూస్తే ఈ తేడా బాగా అర్థమవుతుంది. అక్కడి భారత్ బయోటెక్ సంస్థ రూపొందించిన రోటావాక్ టీకా మూడవ దశ పరీక్షలో 6,799 మంది శిశువులు పాల్గొన్నారు. జన్యువుల పేరు డబ్బాపై ముద్రించుకొనే క్రీముకు అటువంటి పరీక్ష ఒక్కటి కూడా తప్పనిసరి కాదు. క్రీము నిజంగా చర్మ నిర్మాణాన్ని మార్చునని తయారీదారు గట్టిగా చెబితే, అది ఔషధం కదా అన్న ప్రశ్న వస్తుంది. అందుకే "ముడతలు తగ్గును" అని కాక "ముడతలు తగ్గినట్లు కనిపించును" అని వ్రాస్తారు.

కొనుగోలుదారును తప్పుదారి పట్టించే మాటలు సౌందర్య సాధనంపై ఉండరాదని నిబంధనలు చెబుతున్నాయి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం క్రింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చును.

జాగ్రత్తలు

సన్‌స్క్రీన్ డబ్బాపై వ్రాసిన ఎస్‌పీఎఫ్ విలువను చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున పూసి లెక్కిస్తారు. సాధారణంగా జనం దీనిలో సగం కూడా రాసుకోరు. ఎస్‌పీఎఫ్ ముఖ్యంగా అతినీలలోహిత-బి కిరణాలకు సంబంధించినది. ఎ కిరణాల నుండి రక్షణకు పీఏ అన్న అక్షరాల ప్రక్కన ఉన్న ప్లస్ గుర్తులను చూడవలెను. పొలంలో పనిచేసే వారికి తలపాగా, పొడుగు చేతుల చొక్కా, నెత్తిన కొంగు చెమటకు కరిగిపోని రక్షణ.

త్వరగా రంగు, నునుపు వచ్చునని చెప్పి అమ్మే కొన్ని క్రీములలో స్టిరాయిడ్లు కలిసి ఉంటాయి. వీటిని దీర్ఘకాలం వాడితే చర్మం పలుచబడి, రక్తనాళాలు పైకి కనిపించి, ముఖం వయసుకు మించి ముదురుతుంది. కేంద్ర ప్రభుత్వం 2018లో 14 రకాల స్టిరాయిడ్ పైపూతలను షెడ్యూల్ హెచ్ పరిధిలోనికి తెచ్చి, వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని ఆదేశించింది.