కుట్లు విప్పిన తరువాత

ఆపరేషన్ గండం గడిచిందంటే ఇంటిల్లిపాదీ దేవుడికి దండం పెట్టుకొని ఊపిరి పీల్చుకొంటాము. చుట్టపక్కాలు పండ్లు పట్టుకొని వచ్చి, "కోసి తీసేశారు గదా, ఇక భయం లేదు" అని ధైర్యం చెప్పిపోతారు. కాని కాన్సరు విషయంలో మాత్రం అసలు ఆలోచన మొదలయ్యేది ఆ తరువాతనే. కుట్లు విప్పిన కొద్ది రోజులకు డాక్టరుగారు ఒక కాగితం ముందు పెట్టి, "ఇంకా కొంత వైద్యం ఉన్నది, ఏమంటారు?" అని అడుగుతారు. ఏమనవలెను? ఈ ప్రశ్న మా ఇంటికి వచ్చినది. రేపు మరొకరి ఇంటికి వచ్చినప్పుడు ఉపయోగపడవచ్చునన్న తలంపుతో, మా అనుభవమూ, దానివల్ల మేము తెలుసుకొన్న సంగతులూ చదువరులకు మనవి చేస్తున్నాము.

చెన్నపట్నంలో మూడు తరాలుగా కాపురమున్న కుటుంబం మాది. 2022లో మా వదినగారికి 63వ ఏట ఎడమ రొమ్ములో గడ్డ కనిపించినది. నొప్పి లేదు గదా అని ఆమె మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు. నొప్పి లేదన్నంత మాత్రాన గడ్డను ఉపేక్షించరాదని మాకు తరువాత తెలిసినది. రొమ్మును పూర్తిగా తీసి, చంకలోని గ్రంథులు కొన్ని పరీక్షకోసం తీసినారు. ఇంటికి వచ్చేటప్పుడు చంకక్రింద ఒక సన్నని గొట్టమూ, దాని చివర ఒక ప్లాస్టిక్ బుడ్డీ ఉన్నవి. ప్రతిదినం అందులోకి దిగిన నీరు కొలిచి నోటుపుస్తకంలో వ్రాయడం మా అన్నగారి పని. 24 గంటలకు 30 మిల్లీలీటర్లకంటె తగ్గిన తరువాత ఆ గొట్టం తీసినారు.

గొట్టం పోయినా చెయ్యి లేవలేదు. దువ్వెన తలదాకా పోయేది కాదు. గోడకు ఎదురుగా నిలబడి, వేళ్లతో గోడమీద మెల్లగా పైకి పాకమని ఆసుపత్రిలో నేర్పినారు. వంటింటి తలుపు ప్రక్క గోడమీద ఆమె ఏ రోజు ఎంతవరకు అందుకొన్నదీ పెన్సిలుతో గీత పెట్టుకొనేది. ఈ వ్యాయామం అశ్రద్ధ చేస్తే భుజం బిగిసిపోతుంది. గ్రంథులు తీసిన చేతికి వాపు వచ్చే అవకాశం కూడా ఉన్నది కనుక, ఆ చేతికి గాయాలూ, కాలడాలూ తగలకుండా చూసుకొమ్మన్నారు.

ఇక అసలు సంగతి. మేమంతా కలసి ఆమెకు "గడ్డ" అని చెప్పినామేగాని "కాన్సరు" అన్న మాట నోట రానీయలేదు. ఆమె గుండె తట్టుకోలేదని మా భయం. రిపోర్టు వచ్చిన రోజు సాయంకాలం ముందుగదిలో మేము సభ తీర్చినాము. బెంగుళూరు నుంచి వచ్చిన మా అన్నగారి అబ్బాయి, "ఎంత ఖర్చయినా సరే, ఉన్న వైద్యమంతా చేయించాల్సిందే నాన్నా" అన్నాడు. మా అన్నగారు, "వద్దురా. మీ మేనత్తకు చూశాంగా. ఆ మందు ఎక్కించిన తరువాత మనిషి మంచం దిగలేదు" అన్నారు. ఇద్దరిదీ ప్రేమే. మేము ఎటూ చెప్పలేక కూర్చున్నాము.

అప్పుడు వదినగారు కాఫీ పట్టుకొని వచ్చి, "నా ఒంట్లోకి ఎక్కించే మందు గురించి నన్ను అడగరేం?" అన్నది. మాకు నోట మాట రాలేదు. "మీకు తెలుసునా వదినా?" అని అడిగినాము. "ఆసుపత్రి గేటు మీద అంత పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకొన్నారు. చదువురాని దాన్నా? మీరంతా కష్టపడి దాస్తున్నారు గదా అని నేనూ తెలియనట్టే ఉన్నాను" అన్నది. నెల రోజులుగా మేము ఆమెను కాపాడుతున్నామనుకొన్నాము. నిజానికి ఆమెయే మమ్మల్ని కాపాడుతున్నది! మరునాడు డాక్టరమ్మగారి ఎదుట మొదటి కుర్చీలో ఆమెయే కూర్చున్నది.

"గడ్డ తీసేశారు గదమ్మా, ఇంకా మందెందుకు?" అన్నది ఆమె మొదటి ప్రశ్న. డాక్టరమ్మగారు ఇట్లా చెప్పినారు: "కళ్లంలో వడ్లు ఎత్తిన తరువాత ఎంత ఊడ్చినా మట్టిలో నాలుగు గింజలు మిగలవచ్చు. వాన పడితే అవి మొలుస్తవి. కత్తి కంటికి కనబడ్డదాన్ని తీస్తుంది. కనబడని గింజలు ఒంట్లో ఉన్నవో లేవో ఏ స్కానూ నిక్కచ్చిగా చెప్పలేదు. ఉండే అవకాశం ఎంత, ఉంటే ఏ మందు పనిచేస్తుంది అన్నదే మనం ఆలోచించాలి."

ఈ జ్ఞానం వైద్యులకు అంత సులభంగా వచ్చినది కాదు. 19వ శతాబ్దం చివర అమెరికాలో హాల్‌స్టెడ్ అనే శస్త్రవైద్యుడు రొమ్మునూ, దాని క్రింది కండరాలనూ, చంకలోని గ్రంథులనూ కలిపి తీసే పద్ధతి పెట్టినాడు. ఎంత ఎక్కువ కోస్తే అంత మంచిదన్న నమ్మకం అనేక దశాబ్దాలు నడిచినది. అయినా ఎందరికో జబ్బు తిరిగి వచ్చేది. బెర్నార్డ్ ఫిషర్ వంటివారు ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టి, చాలామందికి గడ్డవరకే తీసి రేడియేషన్ ఇచ్చినా ఆయుష్షు తగ్గదని 1985లో చూపినారు. కత్తి పరిధి తెలిసినకొద్దీ మందు అవసరం బోధపడినది. 1976లో ఇటలీలోని మిలాన్ నగరంలో బొనడొన్నా అనే వైద్యుడు, చంక గ్రంథులకు జబ్బు ప్రాకిన స్త్రీలకు ఆపరేషన్ తరువాత మూడు మందులు కలిపి ఇచ్చిన ఫలితం ప్రకటించినాడు. సుమారు 27 నెలలకు, మందు లేనివారిలో నూటికి 24 మందికి జబ్బు తిరుగబెట్టగా, మందు పుచ్చుకొన్నవారిలో నూటికి 5గురికి మాత్రమే తిరుగబెట్టినది. సంవత్సరాలు గడిచేకొద్దీ ఆ తేడా కొంత తగ్గినది, కాని 20 ఏండ్ల తరువాత చూసినా మేలు నిలిచే ఉన్నది.

ఆ మూడింటిలో ఒకటైన మెథోట్రెక్సేట్ వెనుక మన తెలుగువాడొకడున్నాడు. భీమవరంలో పుట్టి, ఈ చెన్నపట్నం తిరువల్లిక్కేణి హైస్కూలులోనూ, మద్రాసు వైద్య కళాశాలలోనూ చదివి అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధనలలోనుంచే ఈ జాతి మందులు వచ్చినవి. వాటిలో మొదటిదైన అమైనోప్టెరిన్‌ను బోస్టన్‌లో ఫార్బర్ అనే డాక్టరు రక్తపు కాన్సరు గల 16 మంది పిల్లలకు ఇచ్చి, 10 మందికి కొంతకాలం నెమ్మదించినదని 1948లో ప్రకటించినాడు. ఆ సంవత్సరమే సుబ్బారావుగారు కన్నుమూసినారు.

చరిత్ర అట్లా ఉండగా, మా వదినగారికి కావలసినది ఆమె సంగతి. రిపోర్టులో చూడవలసినవి ముఖ్యంగా అయిదు: గడ్డ ఎంత పెద్దది, కణాల తీరు ఎంత ఉగ్రమైనది, అనగా గ్రేడు ఎంత, కోసిన అంచులలో జబ్బు మిగిలినదా, ఎన్ని గ్రంథులు తీస్తే ఎన్నింటిలో జబ్బు ఉన్నది, గడ్డకు హార్మోను, హెర్-2 లక్షణాలు ఉన్నవా లేవా. ఆమెకు గడ్డ రెండున్నర సెంటీమీటర్లు, గ్రేడు 2, అంచులు శుభ్రం, 14 గ్రంథులలో ఒక్కదానిలోనూ లేదు. హార్మోను ఉన్నది, హెర్-2 లేదు. కనుక రేడియేషన్ అక్కరలేదన్నారు. హార్మోనును అణచే మాత్ర తప్పనిసరి అన్నారు. సందేహమల్లా కీమోథెరపీ గురించే.

ఇట్టి సందేహానికి ఈనాడు కొంత జవాబు దొరికినది. గడ్డలోని జన్యువులను పరీక్షించి ఒక అంకె వేస్తారు. 10 వేలమందికి పైగా స్త్రీలు పాల్గొన్న ఒక పెద్ద పరిశోధన ఫలితం 2018లో వచ్చినది. మా వదినగారివంటి రకం జబ్బే ఉండి, ఆ అంకె 11కూ 25కూ మధ్య వచ్చినవారిని రెండు భాగాలు చేసినారు. ఒకరికి మాత్రలు మాత్రమే, రెండవవారికి మాత్రలతోపాటు కీమో. 9 సంవత్సరాలకు జబ్బు లేకుండా ఉన్నవారు మొదటి భాగంలో నూటికి 83.3, రెండవ భాగంలో 84.3. ఆ తేడాను కీమోవల్ల వచ్చిన మేలుగా లెక్కవేయడానికి లేదని తేల్చినారు. అయితే 50 ఏండ్లు, అంతకు లోపు వయసువారిలో అంకె 16 గాని, అంతకు పైన గాని వచ్చినవారికి కీమోవల్ల కొంత మేలు కనిపించినది. ఈ పరీక్ష ఖరీదైనది, అందరికీ అందేది కాదు. మా అబ్బాయి పట్టుబట్టి చేయించినాడు. అంకె 17 వచ్చినది.

డాక్టరమ్మగారు వివరించగా విని అబ్బాయి, "నూటికి ఒక్కరైనా తేడా ఉంది గదా. ఆ ఒక్కరూ అమ్మే అయితే?" అన్నాడు. వాడి గొంతు వణికినది. వదినగారు వాడి చేయి పట్టుకొని, "మందు పడక జ్వరం వచ్చి ప్రమాదంలో పడే ఒక్కరూ నేనే కావచ్చు గదరా. రెండూ లెక్కపెట్టాలి. నాకు మాత్ర చాలు. నేను ఒప్పుకొంటున్నాను, నువ్వూ ఒప్పుకో" అన్నది. ఆ రోజుతో మా ఇంట్లో వాదం ముగిసినది. ఆమెను దాచి మేమే నిర్ణయించి ఉంటే, ఏ నిర్ణయమైనా రేపు ఎవరో ఒకరి మెడకు చుట్టుకొని ఉండేది.

ఇది చదివి కీమో అక్కరలేదని ఎవరూ అనుకోరాదు. కట్లు మార్చే గదిలో మా వదినగారికి సూళ్లూరుపేట వైపునుంచి వచ్చిన ఒక ఇల్లాలు పరిచయమైనది. వయసు 42. అయిదు గ్రంథులలో జబ్బు ఉన్నది. హార్మోను లక్షణం లేదు కనుక మాత్రలు పనిచేయవు. "మీకు వద్దన్నారట, నాకు మాత్రం ఎందుకక్కా?" అని ఆమె ఏడ్చినది. "నీ కాగితం వేరు, నా కాగితం వేరు తల్లీ. నీకు ఆ మందే రక్ష" అని మా వదినగారు చెప్పినది. ఆమె కీమో, రేడియేషన్ రెండూ పూర్తిచేసినది. మధ్యలో ఒక రాత్రి జ్వరం 101 డిగ్రీలకు పోతే, తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకొనిపోయినారు. కీమో రోజులలో తెల్లకణాలు పడిపోతవి కనుక 100.4 డిగ్రీల జ్వరమంటే అది అత్యవసరమే. ఊడిన జుట్టు తిరిగి వచ్చినది. మా వదినగారు వద్దనడమూ, ఆమె పుచ్చుకోవడమూ రెండూ సరియైన నిర్ణయాలే.

సోదరీ సోదరులకు మరి రెండు మూడు మాటలు. ఈ నిర్ణయం ఆ క్షణాన చేయనక్కరలేదు. రిపోర్టు చదివి, అడిగి, ఆలోచించుకొనేందుకు రెండు మూడు వారాల వ్యవధి సాధారణంగా ఉంటుంది. కీమో అవసరమైతే నెల, నెలన్నర లోపల మొదలుపెట్టడం మంచిది. మూడు నెలలు దాటితే ఫలితం తగ్గుతుంది. మరొక డాక్టరును అడగడం మొదటి డాక్టరును అవమానించడం కాదు. రిపోర్టుతోపాటు గడ్డ స్లైడులనూ, మైనపు దిమ్మెలనూ అడిగి తీసుకొని వెళ్లవలెను. ముంబయిలో 1941లో వెలసిన టాటా మెమోరియల్, చెన్నైలో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డిగారి పట్టుదలతో 1954లో మొదలైన అడయారు కాన్సర్ ఇన్‌స్టిట్యూట్, బెంగుళూరు కిద్వాయి, కటకంలోని ఆచార్య హరిహర్ సంస్థలు మనవారున్న రాష్ట్రాలలోనే ఉన్నవి. ఖర్చుకు జంకేవారు 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ పథకాన్నీ, తమ రాష్ట్ర బీమా పథకాన్నీ ముందుగా విచారించుకోవలెను.

డాక్టరును అడగవలసిన ప్రశ్న ఒక్కటే: "నావంటివారు నూరుగురు ఈ మందు పుచ్చుకొంటే, దానివల్ల అదనంగా ఎందరికి మేలు? ఎందరికి కీడు?" ఆ ప్రశ్న రోగియే అడగవలెను, జవాబు రోగియే వినవలెను.

మా వదినగారు ఇప్పటికీ రోజూ రాత్రి భోజనం కాగానే మాత్ర వేసుకొంటున్నది. 5 సంవత్సరాలు వేసుకోవలెను. కీళ్లు నొప్పులు పెడతవి, ఎముకలు పలచబడకుండా సున్నపు మాత్రలు కూడా ఉన్నవి. విసుగుపుట్టి మధ్యలో మానేసేవారు ఎందరో ఉన్నారని డాక్టరమ్మగారు హెచ్చరించినారు కనుక, కాలెండరులో తేదీమీద గుర్తు పెట్టడం ఇప్పుడు మా అన్నగారి పని. పూర్తిగా నయమైనదని ఎవరూ మాట ఇవ్వలేదు. పరీక్షకు వెళ్లే వారం ఇంట్లో అందరికీ నిద్ర తక్కువే. మొన్న దీపావళికి ఇంటికి సున్నం వేయిస్తూ, వంటింటి గోడమీద ఆ పెన్సిలు గీతలు చెరపమంటారా అని మనిషి అడిగితే, "చెరుపు నాయనా, ఇప్పుడు అటకమీద జాడీ కూడా అందుతున్నది" అన్నది.