చెత్త కేంద్రమునకు స్థలము సిద్ధము చేయుట

గ్రామములలో చెత్త నానాటికి పెరుగుచున్నది. ప్లాస్టికు సంచులు గాలికి కొట్టుకొని వచ్చి చేలగట్లపై పడుచున్నవి. కలిగిరి, ఉదయగిరి, ఆత్మకూరు వంటి ప్రాంతములలో పలు గ్రామములకు కలిపి ఒక పెద్ద చెత్త కేంద్రమును కట్టదలచినపుడు షెడ్డు, యంత్రములకంటె ముందుగా ఆలోచింపవలసినది నేలను గురించి. తగిన స్థలమున కట్టిన కేంద్రము పొలమునకు ఎరువు నిచ్చును. తగని స్థలమున కట్టినది చెరువును చెరచును.

స్థలము నెన్నుకొనుట

పోరంబోకు భూమి ఖాళీగా నున్నదని దానినే కేటాయించుట పరిపాటి. కాని ఆ భూమిలో పడిన వాన ఏ వాగులో కలిసి ఏ చెరువునకు చేరునో ముందు చూడవలెను. హైదరాబాదు సమీపమున జవహర్‌నగర్ చెత్తగుట్ట నుండి ఊరిన మురుగు మల్కారం చెరువులో దిగి, ఆ నీటిని పాడుచేసినది. చెరువులు, బావులపై ఆధారపడిన మన మెట్ట ప్రాంతమున అట్టి నష్టమును రైతు భరింపలేడు.

చెత్త పూడ్చు స్థలము నదికి 100 మీటర్లు, చెరువునకు, నివాసములకు, త్రాగునీటి బావులకు 200 మీటర్ల దూరమున ఉండవలెనని 2016 నాటి ఘనవ్యర్థముల నియమములు చెప్పినవి. తరువాత వచ్చిన మార్పులను అధికారులు సరిచూచుకొనవలెను.

డిసెంబరులో చూడవలెను

స్థలమును మే నెలలో చూచి తృప్తిపడరాదు. నెల్లూరు జిల్లాలో అధిక వర్షము అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురియును. వేసవిలో అడుగంటిన బావి అప్పుడు నిండి యుండును. కనుక చుట్టుప్రక్కల బావుల నీటిమట్టమును డిసెంబరులో కొలిచి వ్రాసియుంచవలెను. పూడ్చు గుంట అడుగున పరచిన బంకమట్టికి కనీసము 2 మీటర్ల దిగువననే ఆ మట్టము ఉండవలెను.

అదే సమయమున బావుల నీటిని పరీక్ష చేయించి, ఫలితములను పంచాయతీలో భద్రపరచవలెను. ముందటి లెక్క లేనిచో, రేపు నీరు చెడినపుడు రైతు మాటకు ఆధార ముండదు.

నేలను సిద్ధపరచుట

మొదట పైనున్న సారవంతమైన మట్టిని అరడుగు లోతున ఎత్తి వేరుగా కుప్పవేయవలెను. తరువాత చెట్లు పెంచుటకు అది పనికివచ్చును. వేళ్లు, మోళ్లు, రాళ్లు తీసివేసి నేలను చదును చేయవలెను.

కంపోస్టు కుప్పలు వేయు చోట అడుగున కాంక్రీటు గాని, 50 సెంటీమీటర్ల మందమున బంకమట్టి గాని వేయవలెను. మట్టిని ఒక్కసారిగా పోయరాదు. అరడుగు మందమున పరచి, తగినంత తడిపి, రోలరుతో అణచి, దానిపై మరియొక పొర వేయవలెను. ఎండకు మట్టి బీటలు వారినచో శ్రమ అంతయు వృథా. కనుక పని ముగియువరకు తడి ఆరనీయరాదు. ఈ పనిని జనవరిలో మొదలిడి ఎండలు ముదురక మునుపే ముగించుట మేలు.

నేల వాలు నూరడుగులకు ఒకటి రెండడుగులు ఉండిన చాలును.

రెండు కాలువలు

వాననీటిని, మురుగును ఎన్నడును కలియనీయరాదు. ఎగువ నుండి వచ్చు వాననీటిని స్థలము చుట్టు త్రవ్విన కాలువ ద్వారా బయటికే మళ్లించవలెను. కుప్పల నుండి ఊరు మురుగు వేరొక కాలువ ద్వారా, గచ్చు చేసిన గుంటలోనికి చేరవలెను. ఎండకాలమున ఆ మురుగునే మరల కంపోస్టు కుప్పలపై చల్లవచ్చును. రెండు కాలువలును అక్టోబరు వానలకు ముందే పూర్తికావలెను.

చుట్టును కంచె వేసి, లోపలివైపున వేప, కానుగ మొక్కలను వరుసలుగా నాటినచో ధూళి, ఎగిరిపడు కాగితములు కొంతవరకు ఆగును.

గ్రామసభలో అడుగవలసినది

ఈ స్థలపు వాననీరు ఎచ్చటికి పోవును? డిసెంబరులో బావులలో నీరు ఎంత లోతున నున్నది? మురుగు గుంట నిండినచో ఏమి చేయుదురు? ఈ మూడు ప్రశ్నలకు కాగితముపై సమాధానము వచ్చిన పిదపనే పలుగు, పార పట్టుట మంచిది. గ్రామోద్యోగులు, రైతులు కలిసి ఒక్క పూట ఆ నేలపై నడిచి చూచినచో, పిమ్మట తరతరములు పడు బాధ తప్పును.